పిల్లలున్న ఇంటికి పెంపుడు పిట్ట

పక్షిని చూచి ముచ్చటపడని పిల్లలుండరు. చంటిబిడ్డకు అన్నము తినిపించు తల్లి పెరటిలోని కాకిని, చూరుక్రింది పిచ్చుకను చూపించుచు ముద్ద పెట్టును. మాటలు రాకముందే బిడ్డకు పిట్ట చుట్టమగును. ఆ చుట్టరికము వయస్సుతోపాటు పెరిగి, ఏడెనిమిదేండ్లు వచ్చుసరికి “మన ఇంటిలోను ఒక పిట్టను పెంచుకొందము” అను కోరికగా మారును. ఈ కోరిక మంచిదే. ఒక చిన్న ప్రాణిని దగ్గరనుంచుకొని సాకవలెనను బుద్ధి పిల్లలకు కలుగుట సంతోషింపదగిన విషయము. కాని మంచి కోరికలన్నియు మంచి పనులుగా పరిణమించునని చెప్పుటకు వీలులేదు. కోరికకును, పనికిని నడుమ ఆలోచన యనునది ఒకటి ఉండవలెను.

సాధారణముగా జరుగునది వేరు. ఆదివారమునాడు తండ్రి పిల్లలను వెంటబెట్టుకొని సంతకు పోవును. అంగడిలో పంజరములు వరుసగా వ్రేలాడుచుండును. పిల్లవాడు అన్నిటికంటె ఎక్కువగా ఎగిరెడి పిట్టను చూపి “ఇది బాగుగా ఆడుచున్నది, దీనిని కొందము” అనును. అది ఆడుటలేదనియు, బెదరి బయటపడుటకు దారి వెదకుచున్నదనియు వానికి తెలియదు. బేరము కుదురును. అరగంటలో పిట్ట ఇల్లు చేరును. సాయంకాలమునకు ఇరుగుపొరుగు పిల్లలందరు మూగి, కమ్ములపై వ్రేళ్లతో తట్టుచు, ఈలలు వేయుదురు. పిట్ట మూలకు ఒదిగి కూర్చుండును. మూడవనాటికి పిల్లవాడు “ఇది ఆడదు, మంచి పిట్ట కాదు” అని తీర్పు చెప్పును. నెల గడచుసరికి దానికి గింజలు వేయు భారము తల్లిమీద పడును. ఆమె పుట్టింటికి పోయిన నాలుగు దినములలో నీళ్లగిన్నె ఎండిపోవును. తరువాతి కథ చెప్పనక్కరలేదు.

ఈ ఇంటివారు నిర్దయులు కారు. వారు చేసిన పొరపాటు ఒక్కటే. ఆట యనునది పిట్టతోపాటు అంగడిలో అమ్ముడుపోవు వస్తువని వారు తలచిరి. నిజమునకు ఆట భయము తీరినచోట పుట్టును. చిన్న పక్షులన్నియు మరొక ప్రాణికి ఆహారము కాగలిగినట్టివే. అందుచేతనే వాటి కన్నులు తలకు రెండు ప్రక్కలనుండి ఇంచుమించు చుట్టును చూడగలుగుచున్నవి. పైనుండి దిగివచ్చు మనుష్యహస్తము వాటికి గద్దవలె తోచును. కడుపు నిండి, తోడు దొరకి, ప్రమాదము లేదని తెలిసిన తరువాత మాత్రమే పిట్ట గంటను మ్రోగించును, ఊయలపై తలక్రిందులుగా వ్రేలాడును, చిన్న బంతిని ముక్కుతో దొర్లించును. కావున “ఏ పిట్ట ఎక్కువగా ఆడును?” అను ప్రశ్న సరియైనది కాదు. “మన ఇంటిలో ఏ పిట్ట భయము లేక బ్రతుకగలదు?” అని అడుగవలెను. ఈ రెండవ ప్రశ్నకు జవాబు దొరకినచో మొదటి దానికి జవాబు దానంతట అదియే దొరకును.

తెలుగువారి ఇండ్లలో పెంపుడు పిట్ట యనగానే మొదట స్ఫురించునది రామచిలుక. మన పాటలలోను, సామెతలలోను, ముగ్గులలోను, పెండ్లి పందిళ్ల అలంకారములలోను చిలుకకు స్థానము కలదు. అట్లని దానిని పంజరమున నుంచుట తగునా? భద్రాచల రామదాసు గోలకొండ చెరసాలలో పన్నెండేండ్లు బాధపడెను గదా! పూర్వజన్మమున అతడొక చిలుకను పంజరములో బంధించిన ఫలితముగా ఆ చెర ప్రాప్తించెనని జనులు కథగా చెప్పుకొందురు. చరిత్ర మాట ఎట్లున్నను, చిలుకను బంధించుట దోషమను భావము తెలుగువారికి క్రొత్త కాదని ఈ కథవలన తెలియుచున్నది.

నేడు ఇది భావము మాత్రమే కాదు, శాసనము కూడ. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము రామచిలుకకు రక్షణ కల్పించినది. దానిని పట్టుట, అమ్ముట, కొనుట, ఇంటిలో నుంచుకొనుట నేరము. కొండగోరింక విషయమునను, గుంపులు గుంపులుగా పట్టి అమ్మెడి మునియా పిట్టల విషయమునను ఇంతే. వీథులలో చిలుక జోస్యము చెప్పువాని చేతిలోని చిలుకకు కూడ ఈ చట్టమే వర్తించును. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రామచిలుకను రాష్ట్రపక్షిగా ప్రకటించెను. రాష్ట్రపక్షిని పంజరములో పెట్టి, దానికి మన భాష నేర్పితిమని గర్వించుట వింతగా నుండును. తెలంగాణ రాష్ట్రపక్షి యైన పాలపిట్టకును ఇట్టి కష్టము కలదు. దసరానాడు పాలపిట్ట కంటబడుట శుభమను నమ్మకము కలదు. ఆ నమ్మకము ఆసరాగా కొందరు దానిని ముందుగానే పట్టి, కాళ్లు కట్టి, డబ్బుకు చూపింతురు. స్వేచ్ఛగా ఎగురుచు ఎదురైన పిట్టను చూచుట వేరు, కట్టివేసిన పిట్టను చూచుట వేరు.

“మా తాతగారి ఇంటిలో చిలుక ఉండెడిది. అందరిని పేరుపెట్టి పిలిచెడిది. అది సుఖముగానే యుండెను గదా!” అని కొందరు పెద్దలు చెప్పుదురు. అది పలికిన మాట నిజమే. కాని అది ఎందులకు పలికెనో యోచింపవలెను. చిలుక గుంపులో బ్రతుకు పక్షి. తన తోటివారి గొంతులను విని, వారితో గొంతు కలుపుట దాని స్వభావము. తొఱ్ఱలోనుండి పసితనముననే తీసికొని రాబడిన చిలుకకు తనవారి గొంతు వినబడదు. వినబడు గొంతు ఇంటివారిది మాత్రమే. కనుక అది ఆ గొంతునే నేర్చుకొనును. దాని పలుకులో మనయందలి ప్రేమ కొంత ఉండిన ఉండవచ్చును, కాని దానిలో ఒంటరితనము కూడ కలదు. పైగా, సంతకు చేరిన ఒక్కొక్క చిలుక వెనుక, త్రోవలోనే చనిపోయిన పిల్లలెన్నో యుండును.

జాతరలలోను, బడుల ముంగిటను రంగులద్దిన కోడిపిల్లలను అమ్ముట మరియొక దురాచారము. ఎఱ్ఱవి, ఆకుపచ్చవి, నీలపువి యగు ఆ పిల్లలు చూచుటకు ఆటబొమ్మలవలె నుండును. పుట్టిన కొన్ని వారములవరకు కోడిపిల్లకు తల్లి రెక్కల వెచ్చదనము కావలెను. అది లేక, చేతినుండి చేతికి మారుచు, అవి రెండు మూడు దినములలో చనిపోవుట తరచు జరుగును. పది రూపాయలకు దొరకిన ప్రాణము పోయినను నష్టము లేదని పిల్లలు నేర్చుకొన్నచో, ఆ పాఠము వారికి జీవితాంతము చెడుపు చేయును. పావురములను పెంచుట మన దేశమున చాలకాలమునుండి కలదు. కాని వాటికి మేడపై విశాలమైన గూళ్లు, నిత్యము శుభ్రపరచు ఓపిక ఉండవలెను. చిన్న ఇండ్లకు అవి తగవు.

మిగిలినవి పంజరములలోనే పుట్టి, తరతరములుగా మనుష్యుల నడుమ పెరుగుచున్న విదేశపు పిట్టలు. వాటిలో మన అంగళ్లలో సులభముగా దొరకునవి మూడు: బడ్జీ, కాకటీల్, లవ్ బర్డ్. మన ప్రాంతపు అంగళ్లలో బడ్జీలనే తరచు లవ్ బర్డ్స్ అని అమ్ముచుందురు. అది పొరపాటు. నిజమైన లవ్ బర్డ్ ఆఫ్రికా ఖండమునకు చెందినది. పొట్టి తోకయు, బలమైన ముక్కును గలది. అందమైనదే కాని, కోపము వచ్చినచో గట్టిగా కరచును. చిన్నపిల్లల వ్రేళ్లకు అది తగిన నేస్తము కాదు. కాకటీల్ ఆస్ట్రేలియా దేశపు పక్షి. ముప్పది సెంటీమీటర్లకు మించిన పొడవు, తలపై కుచ్చు, బుగ్గలపై నారింజరంగు చుక్కలు దాని గుర్తులు. ఆ కుచ్చు లేచుట, వాలుటనుబట్టి దాని మనస్సు తెలియును. ఈలపాట చక్కగా నేర్చును, స్వభావము మెత్తనిది. కాని దానికి పెద్ద పంజరము కావలెను. చక్కగా సాకినచో పదునైదు ఇరువది యేండ్లు బ్రతుకును. నేడు ఎనిమిదవ తరగతి చదువు బాలిక కాకటీల్‌ను తెచ్చుకొన్నచో, ఆమె చదువు ముగిసి, ఉద్యోగమో పెండ్లియో జరిగిన తరువాత కూడ ఆ పిట్ట బ్రతికియే యుండును. అప్పుడు దానిని చూచువారెవరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన కుటుంబమే దానిని తెచ్చుకొనవలెను.

ఈ కారణములచేత, పిల్లలున్న సామాన్య కుటుంబమునకు బడ్జీయే తగిన పిట్ట యని చెప్పవచ్చును. ఇదియును ఆస్ట్రేలియా దేశమున పుట్టినదే. అచ్చటి ఎండుభూములలో వానలు పడినచోటును, గడ్డిగింజలు పండినచోటును వెదకుకొనుచు వేలకొలది బడ్జీలు గుంపులుగా తిరుగుచుండును. 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వీనిని ప్రాణములతో ఇంగ్లండుకు తీసికొనిపోయెను. నాటినుండి ఇవి పంజరములలో పిల్లలను పెట్టుచు లోకమంతట వ్యాపించినవి. అడవిలోని బడ్జీ ఆకుపచ్చని ఒడలును, పసుపుపచ్చని ముఖమును గలది. నీలము, తెలుపు, పసుపు మొదలగు రంగులు మనుష్యుల పెంపకమున ఏర్పడినవి. దీని పొడవు సుమారు 18 సెంటీమీటర్లు, బరువు 30 మొదలు 40 గ్రాములు, అనగా ఒక చిన్న నిమ్మకాయంత. చక్కగా చూచుకొన్నచో అయిదు మొదలు పదియేండ్లవరకు బ్రతుకును. ఇది కరచినను గాయము స్వల్పము. కూత మెత్తనిది. ఖర్చు తక్కువ. 2022లో మన చట్టమునకు జరిగిన సవరణ ననుసరించి, అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలో చేరిన విదేశపు ప్రాణులను పెంచువారు ఆ విషయమును ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయింపవలెను. బడ్జీగాని, కాకటీల్‌గాని ఆ పట్టికలలో లేవు.

ఒక పిట్టను తేవలెనా, రెండింటినా? మాటలు నేర్పవలెనను ఆశతో కొందరు ఒక్కదానినే తెత్తురు. ఒంటరి బడ్జీ మాటలు త్వరగా నేర్చుట నిజమే. కాని పిల్లలు బడికి, పెద్దలు పనికి పోయిన ఇంటిలో ఆ పిట్ట పగలంతయు ఎవరితో మాటలాడును? పలుకు వినవలెనను మన కుతూహలము కొరకు గుంపుపక్షిని ఏకాకిని చేయరాదు. రెండు పిట్టలున్నచో అవి ఒకదాని తల నొకటి దువ్వుకొనును, ఒకదాని వెనుక నొకటి ఊయల ఎక్కును. పిల్లలు లేని వేళలందు కూడ వాటి ఆట సాగును. అవి గ్రుడ్లు పెట్టకుండవలెనన్నచో రెండు మగపిట్టలను తెచ్చుట మేలు. ముక్కు రంధ్రముల చుట్టు ఉండు మెత్తని పొర, పెరిగిన మగపిట్టకు సామాన్యముగా నీలముగాను, ఆడుపిట్టకు గోధుమరంగుగాను ఉండును. పంజరములో చిన్న కుండను అమర్చినచో జంట దానిని గూడుగా భావించి గ్రుడ్లు పెట్టును. పుట్టబోవు పిల్లలకు చోటు చూపలేనివారు ఆ కుండను పెట్టరాదు.

అంగడిలో ఎన్నుకొనునపుడు రంగుకంటె వయస్సును, ఆరోగ్యమును చూడవలెను. మూడు నాలుగు నెలలు నిండని పిల్లకు నుదుటిపై సన్నని నల్లచారలు ముక్కువరకు దిగియుండును. వయస్సు వచ్చినకొలది అవి వెనుకకు పోవును. లేతపిట్ట త్వరగా మచ్చికయగును. కన్నులు తేటగాను, ఈకలు నున్నగాను, తోకక్రింద శుభ్రముగాను ఉన్న దానిని తీసికొనవలెను. పగటివేళ ఈకలు ఉబ్బించుకొని మూలగా కూర్చున్నదానిని, ఊపిరి తీయునపుడు తోక ఊగుచున్నదానిని జాలిపడి కొనుటకంటె అంగడివానికి చెప్పి వైద్యము చేయించుట మంచిది. చిన్న పక్షులు రోగమును చివరివరకు దాచుకొనును. బయటకు తెలియునప్పటికి చాల ఆలస్యమైయుండును.

పిట్ట రాకముందే ఇల్లు సిద్ధము కావలెను. పంజరము ఎత్తుకంటె పొడవు ఎక్కువ గలదై యుండవలెను. ఏమన, పిట్ట ప్రక్కకు ఎగురునే కాని నిట్టనిలువుగా ఎగురదు. రెండు బడ్జీలకు కనీసము 75 సెంటీమీటర్ల పొడవైనను ఉండుట యుక్తము. గుండ్రని పంజరములు చూపులకే కాని వాసమునకు పనికిరావు. పంజరమును గోడకు ఆనించి, మనుష్యుల కంటి ఎత్తున, మాటలు వినబడుచోట ఉంచవలెను. ఎండలో పెట్టి మరచుట ప్రాణాపాయము. వంటయింటిలో అసలే పెట్టరాదు. నాన్‌స్టిక్ పాత్ర మితిమీరి కాగినపుడు వెలువడు ఆవిరి మనకు తెలియకుండగనే పక్షిని నిమిషములలో చంపగలదు. పిట్టను గదిలోనికి వదలునపుడు ముందుగా కప్పుకున్న పంకాను ఆపవలెను, తలుపులు మూయవలెను, అద్దమునకు తెర వేయవలెను. మన దేశపు ఇండ్లలో తిరుగుచున్న పంకాయే ఎగురు పిట్టకు పరమశత్రువు. పిల్లి, ఎలుక, చీమలబారు తరువాతి శత్రువులు.

ఆహారము విషయమున కష్టము లేదు. కొఱ్ఱలు, వరిగెలు వాటికి ప్రీతి. గింజలు మాత్రమే తిన్న పిట్టకు బలము చాలదు. తోటకూర, పాలకూర, కొత్తిమీర, క్యారెట్ తురుము దినదినమును కొంచెము పెట్టవలెను. సుద్దసత్తువకై అంగడిలో దొరకు సముద్రఫేనపు ముక్కను కమ్ములకు కట్టినచో అవి దానిని గీరుకొనుచు ముక్కును కూడ పదును పెట్టుకొనును. మనము తిను కారప్పూస, బిస్కత్తు, కాఫీ, టీ వాటికి కూడవు. చాక్లెట్టు, అవకాడో పండు విషతుల్యములు. నీటిని ప్రతి ఉదయము మార్చవలెను. రాత్రి పది పండ్రెండు గంటల నిద్ర వాటికి అవసరము. పరీక్షల కాలమున దీపము వెలుగుచుండు గదిలో పంజరము నుంచరాదు.

ఇన్ని ఏర్పాట్లకంటెను కష్టమైన ఏర్పాటు మరొకటి కలదు. అది పిల్లల మనస్సును సిద్ధపరచుట. మొదటి పదిదినములు పిట్టను ముట్టుకొనరాదు. పంజరము ప్రక్కన కూర్చుండి, మెల్లగా మాటలాడుచు, చదువుకొనుచు ఉండవలెను. పిట్ట తమ యెదుట నిశ్చింతగా గింజ తినుట మొదలిడిన దినము, అది తమను నమ్మ నారంభించిన దినమని పిల్లలు తెలిసికొనవలెను. తరువాత అరచేతిలో కొఱ్ఱకంకి నుంచి, చేయి కదల్పక, పంజరములో నిలుపవలెను. పిట్ట మొదటిదినము రాదు, రెండవదినము రాదు. ఐదవదినమో, ఇరువదవదినమో వచ్చి వ్రేలిపై వ్రాలును. ఆ క్షణమున కలుగు సంతోషము మరి ఏ ఆటవస్తువును ఇయ్యజాలదు. ఏలయన, అది కొని తెచ్చుకొన్న సంతోషము కాదు, ఓర్చుకొని సంపాదించుకొన్న సంతోషము.

పిట్టను పిడికిట బిగించుట మాత్రము ఏ వయస్సు వారికిని తగదు. మనుష్యులకు ఊపిరితిత్తుల క్రింద ఊపిరికి తోడ్పడు కండరపు పొర కలదు. పక్షులకు అట్టి పొర లేదు. రొమ్ముటెముక ముందునకును వెనుకకును కదలినపుడే వాటికి గాలి లోపలికి పోవును. రొమ్మును గట్టిగా పట్టుకొన్నచో, ముక్కు తెరచియున్నను, పిట్టకు ఊపిరాడదు. ప్రేమతో గట్టిగా హత్తుకొని పిట్టను చంపుకొన్న పసివారు కలరు. అయిదేండ్లలోపు పిల్లలు చూచి ఆనందింపవలెను, పెద్దల చేతిపైనున్న పిట్టకు గింజ అందింపవలెను. ఎనిమిది తొమ్మిదేండ్లవారు నీరు మార్చగలరు, అడుగున కాగితము మార్చగలరు. ముట్టుకొన్న తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనుట అందరికిని నియమము. రెట్టలవలనను, ఈకల ధూళివలనను కొన్ని వ్యాధులు మనుష్యులకు రాగలవు. ఉబ్బసముతో బాధపడువారు ఉన్న ఇంటిలో వైద్యుని అడిగి గాని పిట్టను తేరాదు. పిల్లలకు ఎన్ని పనులు పంచి యిచ్చినను, రాత్రి పడుకొనబోవుటకు ముందు గిన్నెలు చూచు బాధ్యత పెద్దవారు వహింపవలెను. పిల్లల మరపునకు శిక్ష పిట్ట అనుభవింపరాదు.

“ఎంత చక్కగా చూచినను పంజరము పంజరమే గదా! అసలు పిట్టను పెంచుట న్యాయమా?” అని అడుగువారు కలరు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ఎగురుటకు రెక్కలు గల ప్రాణికి గది యెంత పెద్దదైనను చిన్నదే. ఐనను తరతరములుగా పంజరముననే పుట్టిన బడ్జీని ఆకాశములోనికి వదలుట దయ కాదు. ఇది దాని దేశము కాదు, ఇచ్చటి చెట్టు దానికి తెలియదు, కాకులు దానిని బ్రతుకనీయవు. పుట్టియున్న ఆ ప్రాణులకు మంచి ఇల్లు చూపుట ధర్మమే. అందుచేతనే ఆ ఇల్లు మంచిదగునో కాదో ముందుగా తేల్చుకొనుట అంతకంటె పెద్ద ధర్మము. దినమునకు ఒక గంటయైనను పిట్టకొరకు కేటాయింపలేని ఇల్లు, సెలవులకు తాళము వేసి ఊళ్లకు పోవు ఇల్లు, పిట్టను తేకుండుటయే పిట్టకు చేయు ఉపకారము.

అట్టి ఇంటి పిల్లలకు పక్షుల స్నేహము లేకపోవలెనా? అక్కరలేదు. గోదావరి సీమలోను, ఇతర ప్రాంతములందును కోతల కాలమున వరికంకులను కుచ్చుగా అల్లి వసారాలో వ్రేలాడగట్టు ఆచారము మన పెద్దలు పెట్టినదే. పిచ్చుకలు వచ్చి ఆ కంకులపై వ్రేలాడి, ఊగి, గింజలు తిని, తగవులాడుకొని పోవును. ఆ ఆటకు పంజరము లేదు, ధర లేదు. పిచ్చుకను చూచి పెద్ద చదువు చదివినవారును కలరు. 1896లో జన్మించిన సలీం అలీ పదియేండ్ల ప్రాయమున బొమ్మతుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని గొంతుపై పసుపుపచ్చని మచ్చను చూచి, అది ఏ పిచ్చుకయో తెలిసికొనగోరి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి కొనిపోయెను. అచ్చటి కార్యదర్శి మిల్లార్డ్ ఆ బాలుని విసుగుకొనక, పక్షుల నమూనాలనెన్నో చూపించెను. తుపాకి పట్టిన ఆ బాలుడే పెరిగి, భారతదేశపు పక్షులను గూర్చి లోకమునకు తెలియజెప్పి, వాటి రక్షణకు పాటుపడెను. ఒక పిట్టను శ్రద్ధగా చూచుట అతని జీవితమునే మార్చినది.

కావున పిట్టను కొనదలచిన కుటుంబము ముందుగా ఒక చిన్న పరీక్ష పెట్టుకొనుట మంచిది. అంగడికి పోకముందు ఒక నెల దినములు పిల్లలచేత ప్రతి ఉదయము పెరటిగోడపైనో, మిద్దెపైనో ఒక మూకుడులో నీరు, పిడికెడు నూకలు పెట్టింపవలెను. మూకుడును దినదినము కడుగవలెను. ఏ ఏ పిట్టలు ఎప్పుడెప్పుడు వచ్చెనో ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. పండుగ వచ్చినను, పరీక్ష వచ్చినను, జ్వరము వచ్చినను ఆ పని ఆగకూడదు. తాను చేయలేని దినమున “అక్కా, ఈ పూట నీవు పెట్టుము” అని అడుగుట కూడ బాధ్యతయే. ముప్పది దినములలో మూకుడు ఒక్కనాడైనను ఎండకున్నచో, ఆ పిల్లలను వెంటబెట్టుకొని తండ్రి నిశ్చింతగా అంగడికి పోవచ్చును. నడుమ మూకుడు ఎండినచో, ఎవరిని తిట్టనవసరము లేదు. పెరటి పిచ్చుకలు మరియొక ఇంటి గోడపై నీరు త్రాగిపోవును. పంజరములోని పిట్టకు మరియొక ఇల్లు లేదు.